సెలీనియం 200 మైక్రోగ్రాముల సీసా: సరుకు మంచిదే, మోతాదే ఎక్కువ

అమెరికా నుంచి ఇంటికొచ్చే సూట్‌కేసుల్లో విటమిన్ డి, చేపనూనె సీసాల సరసన ఈమధ్య సెలీనియం అనే ఖనిజం సీసా కూడా చేరింది. థైరాయిడ్ ఉన్న అమ్మకు ఒకటి, జుట్టు రాలుతోందన్న వదినకు ఒకటి. ఇక్కడ ఆన్‌లైన్‌లో వెతికినా ముందు కనిపించేవి అవే: నౌ ఫుడ్స్, సోల్గార్, థోర్న్, లైఫ్ ఎక్స్‌టెన్షన్. కంపెనీ ఏదైనా సీసా మీద అంకె మాత్రం దాదాపు ఒకటే, 200 ఎంసీజీ (మైక్రోగ్రాములు). ఈ సమీక్షకు నౌ ఫుడ్స్ వాళ్ల 200 మైక్రోగ్రాముల క్యాప్సూల్‌ని ప్రధానంగా తీసుకున్నాం. దానికి పోటీగా నిలిచే సెలీనియం ఈస్ట్ (సెలీనియం పట్టించి పెంచిన, పులియబెట్టే శిలీంధ్రం) మాత్రలు, మన మెడికల్ షాపుల్లో దొరికే యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్స్, సెలీనియం బాగా ఉండే బ్రెజిల్ నట్స్ అనే గింజలు కూడా పక్కన పెట్టి చూశాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. క్యాప్సూల్‌గా చూస్తే ఇది శుభ్రమైన సరుకు. ఎల్-సెలినోమిథియోనిన్ అనే, అమైనో ఆమ్లంతో కలిసిన రూపంలో సెలీనియం, నింపడానికి బియ్యప్పిండి, పైన మొక్కల సెల్యులోజ్ తొడుగు. జెలటిన్ లేదు కాబట్టి శాకాహారులకూ ఇబ్బంది లేదు. చిన్న క్యాప్సూల్, మింగడం తేలిక. కానీ రోజుకొకటి అని లేబుల్ చెప్పినట్టు ఏళ్ల తరబడి వేసుకోవడానికి మామూలు ఆరోగ్యం ఉన్న మనిషికి కారణం కనిపించదు. అదే కంపెనీ 100 మైక్రోగ్రాముల మాత్ర కూడా అమ్ముతోంది. కొనాల్సిందే అనుకుంటే అది కొనండి, అదీ రోజూ వద్దు.

అసలు ఈ 200 అనే అంకె ఎక్కడ పుట్టింది? శరీరానికి ఇంత కావాలని ఎవరో లెక్కగట్టి తేల్చింది కాదు. అమెరికాలో చర్మ క్యాన్సర్ వచ్చి తగ్గిన 1312 మంది మీద ఒక పరీక్ష జరిగింది. వాళ్లలో కొందరికి రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఉన్న ఈస్ట్ మాత్ర ఇచ్చారు. 1996లో ఫలితాలు వచ్చాయి. చర్మ క్యాన్సర్ మళ్లీ రావడం తగ్గలేదు, కానీ ప్రోస్టేట్ లాంటి ఇతర క్యాన్సర్లు తగ్గినట్టు కనిపించింది. ఆ వార్తతో 200 అనేది సప్లిమెంట్ ప్రపంచంలో స్థిరపడిపోయింది. దాన్ని ఖాయం చేసుకోవడానికి సెలెక్ట్ అనే మరో పెద్ద పరీక్ష పెట్టారు. 35 వేలమందికి పైగా మగవాళ్లు పాల్గొన్నారు, మోతాదు అదే 200, ఈసారి రూపం సెలినోమిథియోనిన్. అంటే అచ్చంగా ఈ సీసాలో ఉన్నదే. ప్రోస్టేట్ క్యాన్సర్ మీద ప్రయోజనం ఏమీ తేలకపోవడంతో 2008లో మాత్రలు ఆపేశారు. తర్వాత 2014లో వచ్చిన విశ్లేషణ ఇంకా గట్టిది: మొదటినుంచే శరీరంలో సెలీనియం ఎక్కువగా ఉన్న మగవాళ్లు ఈ మాత్ర వేసుకుంటే తీవ్రమైన రకం ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు 91 శాతం పెరిగింది. మొదటి పరీక్ష డేటాను మళ్లీ తవ్వితే 2007లో మరో సంగతి బయటపడింది. సెలీనియం వేసుకున్న గుంపులో టైప్ 2 మధుమేహం ఎక్కువగా వచ్చింది. సెలెక్ట్‌లో మధుమేహం తేడా గట్టిగా నిలబడలేదన్నది నిజమే. అయినా ఇంటింటా షుగర్ ఉన్న మన కుటుంబాల్లో ఈ మాత్రను బలానికి వేసుకునే టానిక్‌లా చూడటం తగదు.

డెన్మార్క్ పరీక్ష కూడా చెప్పుకోవాలి. అక్కడ 300 మైక్రోగ్రాముల ఈస్ట్ సెలీనియం ఐదేళ్లు వేసుకున్నవాళ్లలో, మాత్ర ఆపేసిన చాలా ఏళ్లకు మరణాలు ఎక్కువగా కనిపించాయి. అది 491 మందితో చేసిన చిన్న పరీక్షే. 200 వేసుకుంటే ఏమవుతుందో అది నేరుగా చెప్పదు. కానీ మాత్రకు తిండి కూడా కలుస్తుంది కదా, ఆ లెక్క చూద్దాం.

అమెరికాలో పెద్దవాళ్లు సగటున తిండి నుంచే రోజుకు 108 మైక్రోగ్రాములు పొందుతున్నారు. అక్కడి గోధుమలు పండే మైదానాల నేలలో సెలీనియం బాగా ఉండటం, పశువుల దాణాలో కలపడం దీనికి కారణాలు. అక్కడ స్థిరపడిన తెలుగు మనిషి రోజూ బ్రెడ్డు, గుడ్డు, కోడిమాంసం తింటూ ఈ క్యాప్సూల్ కూడా వేసుకుంటే మొత్తం 308 అవుతుంది. అమెరికా పెట్టుకున్న పైపరిమితి 400 కాబట్టి లేబుల్ చూస్తే ఫర్వాలేదనిపిస్తుంది. కానీ యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 255కి దించింది. దానికి ఆధారం మళ్లీ సెలెక్ట్ పరీక్షే: తిండి, మాత్ర కలిపి 330 మైక్రోగ్రాముల దగ్గర జుట్టు రాలడం ఎక్కువైంది. జుట్టు ఊడకుండా ఉండాలని కొనే మాత్ర ఎక్కువైతే జుట్టే ఊడుతుంది. ఊడుతోంది కదా అని మోతాదు పెంచేవాళ్లు ఉంటారు కాబట్టి ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోమని మా విన్నపం.

మరి మన దగ్గర? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు చెప్పే లెక్క రోజుకు 40 మైక్రోగ్రాములు. అమెరికా లెక్క 55, గర్భిణులకు 60, పాలిచ్చే తల్లులకు 70. మామూలు పెద్దవాళ్ల లెక్క ఏది పట్టుకున్నా 200 అనేది మూడున్నర నుంచి ఐదు రెట్లు. అమెరికా సీసా మీద 364 శాతం అని కనిపించేది ఇదే. ఆ శాతం ఎంత పెద్దగా ఉంటే అంత బలం అనుకోకండి.

ఈ 40ని తిండితో అందుకోవడం చాలామందికి కష్టమేం కాదు. అమెరికా పట్టికల ప్రకారం ఒక పెద్ద కోడిగుడ్డులో సుమారు 15 మైక్రోగ్రాములు, 85 గ్రాముల కోడిమాంసంలో 22, అంతే బరువు రొయ్యల్లో 42, నూనె కవళ్లు అని మనవాళ్లు పిలిచే సార్డిన్ రకం చేపల్లో 45 వరకు ఉంటాయి. గుడ్లకూ రొయ్యలకూ ఆంధ్రా, తెలంగాణల్లో కొదవ లేదు. రెండు గుడ్లు, ఒక పూట చేప తినే ఇంట్లో సెలీనియం సీసాకు చోటే లేదు. శాకాహారుల సంగతి కొంచెం వేరు. పప్పుల్లో ఉంటుంది కానీ తక్కువ: ఒక కప్పు ఉడికిన మసూర్ పప్పుకు 6 మైక్రోగ్రాములు. పొట్టు తీయని బియ్యం, గోధుమలు, పాలు, పెరుగు, పనీర్ కలిస్తేనే లెక్క కుదురుతుంది. ఇక్కడే ఒక ముఖ్యమైన చిక్కు ఉంది. ధాన్యంలో సెలీనియం ఎంతన్నది విత్తనాన్ని బట్టి కాదు, అది పండిన నేలను బట్టి ఉంటుంది. పంజాబ్‌లోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల నేలలో ఈ ఖనిజం మితిమీరి ఉంది. అక్కడి మేత తిన్న పశువుల గిట్టలు ఊడిపోయాయి, మనుషుల గోళ్లు, జుట్టు దెబ్బతిన్నాయి. దానికి పూర్తి వ్యతిరేకం చైనాలోని కెషాన్. అక్కడి నేలలో సెలీనియం లేక పిల్లలకూ పడుచు ఆడవాళ్లకూ గుండె కండరం దెబ్బతినే జబ్బు వచ్చేది, సోడియం సెలినైట్ అనే సెలీనియం లవణం మాత్రలతో దాన్ని అదుపు చేశారు. ఫిన్లాండ్ అయితే 1980ల నడుమ ఏకంగా ఎరువుల్లోనే సెలీనియం కలపడం మొదలుపెట్టింది. కాబట్టి ఇంటర్నెట్‌లో కనిపించే "వంద గ్రాముల్లో ఇంత" అనే పట్టికను ప్రామాణికం అనుకోవద్దు. మన తిండికి సంబంధించి పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార కూర్పు పట్టికల్లో 528 పదార్థాల వివరాలు ఉన్నాయి, సెలీనియం కూడా ఉంది. చూడాలంటే అది చూడండి.

లేబుల్ మీద ఉన్న పేరు, లోపల ఉన్న బరువు

సీసా తిప్పి వెనక చూడటం నేర్చుకుంటే సగం మోసాలు, సగం పొరపాట్లు తప్పుతాయి. సెలీనియం ఒంటరిగా మాత్రలో ఉండదు, ఏదో ఒక సమ్మేళనంగా ఉంటుంది. ప్రశ్న ఏమిటంటే, లేబుల్ మీది అంకె సమ్మేళనం బరువా, అందులోని అసలు సెలీనియం బరువా?

అమెరికా సీసాల్లో "సెలీనియం (ఎల్-సెలినోమిథియోనిన్ రూపంలో) 200 ఎంసీజీ" అని ఉంటుంది. అది అసలు సెలీనియం లెక్క. మన దగ్గరి చాలా యాంటీ ఆక్సిడెంట్ సాఫ్ట్‌జెల్స్ మీద "సెలీనియం డయాక్సైడ్ ఇంత" అనో "సోడియం సెలినేట్ ఇంత" అనో ఉంటుంది. అది సమ్మేళనం లెక్క. సెలీనియం డయాక్సైడ్‌లో బరువులో 71 శాతం సెలీనియం. అంటే 70 మైక్రోగ్రాములని రాసి ఉంటే మీకు అందేది 50. సోడియం సెలినైట్‌లో సుమారు 46 శాతం, సోడియం సెలినేట్‌లో 42, సెలినోమిథియోనిన్‌లో 40. నీటి అణువులు కలిసిన పెంటాహైడ్రేట్ సెలినైట్ అయితే 30 శాతమే. ఈ నాలుగైదు అంకెలు ఫోన్‌లో రాసి పెట్టుకుంటే ఏ డబ్బానైనా షాపులోనే లెక్క తేల్చేయొచ్చు.

ఇంకొక రకం గందరగోళం ఉంది. కొన్ని డబ్బాల మీద "ఎల్-సెలినోమిథియోనిన్ 0.5 శాతం, 40 మి.గ్రా." అని ఉంటుంది. 40 మిల్లీగ్రాములా అని కంగారు పడనక్కర్లేదు. ముడిసరుకును పిండితో పలచన చేసి, మొత్తం బరువులో సెలీనియం అర శాతమే ఉండేలా తయారుచేస్తారు. 40 మిల్లీగ్రాముల్లో అర శాతం అంటే 200 మైక్రోగ్రాములు. పలచన ఎందుకంటే, మైక్రోగ్రాముల బరువున్న పదార్థాన్ని నేరుగా పిండిలో సమానంగా కలపడం దాదాపు అసాధ్యం. ఒక క్యాప్సూల్‌లో ఎక్కువ, ఇంకొక దాంట్లో ఏమీ లేకుండా పోతుంది. ఈస్ట్ మాత్రలకూ ఇదే పద్ధతి: గ్రాముకు 2000 మైక్రోగ్రాముల ఈస్ట్ అయితే 100 మిల్లీగ్రాములు వేస్తే 200 వస్తుంది.

ఈ కలిపే పని తప్పితే ఏమవుతుందో 2008లో అమెరికాలో చూశారు. ఒక ద్రవ సప్లిమెంట్‌లో లేబుల్ మీద 200 మైక్రోగ్రాములని ఉంటే లోపల 40,800 మైక్రోగ్రాములు ఉంది. రెండు వందల రెట్లు. పది రాష్ట్రాల్లో 201 మంది జబ్బు పడ్డారు: విరేచనాలు, విపరీతమైన నీరసం, కీళ్ల నొప్పులు, జుట్టు కుచ్చులుగా ఊడటం, గోళ్లు రంగు మారి ఊడిపోవడం. అందుకే పొడి రూపంలో, చుక్కల మందు రూపంలో వచ్చే సెలీనియాన్ని మేం సిఫార్సు చేయం. ఒక క్యాప్సూల్ ఒక మోతాదుగా వచ్చేదే నయం. కంపెనీ బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తోందా, యూఎస్‌పీ (అమెరికాలో మందుల నాణ్యతా ప్రమాణాల సంస్థ) వంటి ముద్ర ఉందా అన్నది మిగతా విటమిన్ల కంటే సెలీనియం విషయంలో ఎక్కువగా చూడాలి. కావాల్సిన మోతాదుకీ హాని చేసే మోతాదుకీ మధ్య ఎడం ఇందులో చాలా తక్కువ.

రూపాల మధ్య తేడా కూడా అసలైనదే, ప్రచారం కాదు. సెలినోమిథియోనిన్ తొంభై శాతానికి పైగా ఒంటికి పడుతుంది. శరీరం దాన్ని మామూలు మిథియోనిన్ (ప్రొటీన్లలో ఉండే అమైనో ఆమ్లం) అనుకుని కండరాల్లోని ప్రొటీన్లలో, రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్‌లో పేర్చుకుంటూ పోతుంది. అందువల్ల నిల్వ మెల్లగా పెరుగుతుంది, మెల్లగా దిగుతుంది. శరీరంలో సగానికి తగ్గడానికి 250 రోజుల దాకా పడుతుంది. సెలినైట్‌కు ఇది సుమారు 100 రోజులు. సెలినైట్ అంతగా పేరుకోదు, పట్టేది కూడా తక్కువ. ఈస్ట్ రకంలో ఎక్కువ భాగం సెలినోమిథియోనినే కానీ దాని వాటా ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఈస్ట్ పడనివాళ్లు ఎలాగూ దాని జోలికి వెళ్లకూడదు. మూడు నాలుగు రూపాలు కలిపి "కాంప్లెక్స్" అని అమ్మే వాటికి అదనపు ధర పెట్టడానికి మాకు కారణం కనిపించలేదు.

సెలినైట్ విషయంలో మందుల తయారీవాళ్లకు తెలిసిన ఒక కిటుకు వినియోగదారుల దాకా రావడం లేదు. సెలినైట్‌నూ విటమిన్ సీనీ ఒకేచోట కలిపితే విటమిన్ సీ దాన్ని మూలక సెలీనియంగా మార్చేస్తుంది. అది ఒంటికి దాదాపు పట్టదు. సెలినైట్ వాడేవాళ్లు విటమిన్ సీ మాత్రను కొన్ని గంటల తేడాతో వేసుకోవాలి. ఒకే మాత్రలో 500 మిల్లీగ్రాముల విటమిన్ సీ, సెలినైట్ రెండూ ఉంటే ఆ సెలీనియం చాలావరకు లేబుల్ అలంకారమే. సెలినోమిథియోనిన్‌కు ఈ సమస్య లేదు. నౌ ఫుడ్స్ క్యాప్సూల్‌కు ఇది స్పష్టమైన మార్కు.

మన షాపుల్లో లైకోపిన్, బీటా కెరోటిన్, జింక్, సెలీనియం కలిపిన సాఫ్ట్‌జెల్స్ విరివిగా దొరుకుతాయి. వాటిలో సెలీనియం మోతాదు సాధారణంగా వందలోపే, ఆ లెక్కన అవి అమెరికా సీసా కంటే బుద్ధిగా ఉన్నాయి. కానీ సెలీనియం కోసమే అవి కొంటే అక్కర్లేని మిగతా సరంజామా అంతా కడుపులోకి పోతుంది. పొగతాగేవాళ్లకు ఎక్కువ మోతాదు బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుందని తేలింది కాబట్టి వాళ్లు ఆ జాబితా తప్పక చదవాలి. పైగా వీటి తొడుగు ఎక్కువగా జెలటిన్. ఇంకో జాగ్రత్త: ఇప్పటికే మల్టీవిటమిన్ వేసుకునేవాళ్లకు అందులోనూ సెలీనియం ఉంటుంది. మల్టీవిటమిన్, జుట్టు మాత్ర, థైరాయిడ్ సపోర్ట్ క్యాప్సూల్ మూడూ ఒకే మనిషి వేసుకుంటే మొత్తం ఎవరూ కూడి చూడరు. కూడండి.

బ్రెజిల్ నట్స్‌ది మరో కథ. 28 గ్రాములకు, అంటే ఆరు నుంచి ఎనిమిది గింజలకు, సగటున 544 మైక్రోగ్రాములు. గింజకు 70 నుంచి 90. బాదం పప్పులా గుప్పెడు తింటే ఒక్క పూటలోనే అమెరికా పైపరిమితి దాటిపోతుంది. న్యూజిలాండ్‌లో 2008లో అచ్చయిన పరీక్షలో రోజుకు రెండు గింజలు 100 మైక్రోగ్రాముల సెలినోమిథియోనిన్ మాత్రతో సమానంగా పనిచేశాయి. కాబట్టి మాత్ర ఇష్టం లేనివాళ్లకు ఇది నిజమైన ప్రత్యామ్నాయమే. ఇబ్బంది ఏమిటంటే ఒక చెట్టు గింజకూ మరో చెట్టు గింజకూ సెలీనియం ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. అన్నీ అమెజాన్ అడవుల్లోంచే వస్తాయి, సంచి మీద సెలీనియం అంకె ఉండదు. మన దగ్గర ధర కూడా ఎక్కువ, నూనె గింజ కాబట్టి ఎండలకు తొందరగా ముక్కిపోతుంది. కొంటే చిన్న ప్యాకెట్ కొని ఫ్రిజ్‌లో పెట్టుకుని వారానికి మూడు నాలుగు గింజలు తినండి. మిక్స్‌డ్ డ్రైఫ్రూట్స్ డబ్బాలో వీటిని ఏరుకుని తినే పిల్లలుంటే కాస్త కనిపెట్టి ఉండండి.

థైరాయిడ్ కోసం కొంటున్నారా?

మనవాళ్లలో ఈ సీసా కొనేవాళ్లలో ఎక్కువమంది కారణం ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెప్పాలి. శరీరంలో గ్రాము బరువుకు చూస్తే సెలీనియం ఎక్కువగా ఉండే అవయవం థైరాయిడ్ గ్రంథి. టీ4 అనే థైరాయిడ్ హార్మోన్‌ను పనిచేసే రూపమైన టీ3గా మార్చే డీఅయోడినేజ్ ఎంజైములకు సెలీనియం తప్పనిసరి. ఇంతవరకు ప్రతి వీడియోలోనూ చెప్పేది నిజమే. అక్కడి నుంచి "కాబట్టి మాత్ర వేసుకుంటే థైరాయిడ్ నయమవుతుంది" అనే గెంతు మాత్రం నిజం కాదు. సెలీనియం లోటు లేనివాళ్లకు ఇంకా పోస్తే ఎంజైమ్ ఇంకా వేగంగా పనిచేయదు. హషిమోటో (రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లలో, ఆ దాడిని చూపే టీపీఓ యాంటీబాడీల అంకె కొన్ని పరీక్షల్లో తగ్గింది. కానీ ఆ అంకె తగ్గినంత మాత్రాన రోగికి నీరసం తగ్గిందనో, థైరాక్సిన్ అనే థైరాయిడ్ మందు మోతాదు తగ్గించగలిగారనో నిలకడగా తేలలేదు. థైరాక్సిన్ మాత్ర మానేసి సెలీనియం మీద ఆధారపడటం ప్రమాదకరం.

గట్టి ఆధారం ఉన్నది ఒక్కచోట. గ్రేవ్స్ జబ్బులో (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) కళ్లు ఉబ్బే సమస్య స్వల్పంగా ఉన్నప్పుడు రోజుకు రెండుసార్లు 100 మైక్రోగ్రాముల చొప్పున ఆరు నెలలు ఇస్తే మేలు చేసిందని 2011లో యూరప్ పరీక్ష చూపింది. ఇందులో రూపం సోడియం సెలినైట్ (100 అన్నది ఆ సమ్మేళనం బరువే), కాలం ఆరు నెలలు, రోగులు 159 మంది, వాళ్లున్న ప్రాంతాలు సెలీనియం కాస్త తక్కువున్నవి. ఎండోక్రైనాలజిస్ట్ ఈ మోతాదు రాస్తే ప్రశ్నించక్కర్లేదు. ఆరు నెలలయ్యాక కొనసాగించాలా అని మాత్రం అడగండి.

అయోడిన్ సంగతి కూడా ఉంది. రెండూ లోటుగా ఉన్న ఆఫ్రికా ప్రాంతంలో అయోడిన్ ఇవ్వకుండా ముందు సెలీనియం ఇస్తే థైరాయిడ్ ఇంకా మందగించింది. ఇంట్లో అయోడైజ్డ్ ఉప్పు మానేసి కళ్లుప్పు, హిమాలయ ఉప్పు వాడుతూ సెలీనియం మొదలుపెట్టేవాళ్లు ఈ వరస గమనించాలి.

వేసుకునే వేళలు: థైరాక్సిన్ పొద్దున్నే పరగడుపున, తిండికి అరగంట నుంచి గంట ముందు. సెలీనియం ఒక్కటే ఉన్న క్యాప్సూల్ మధ్యాహ్నం అన్నంతోపాటు వేసుకుంటే సరిపోతుంది. ఖాళీ కడుపున కొందరికి వికారం వస్తుంది. ఐరన్, కాల్షియం కలిసిన మల్టీవిటమిన్ అయితే థైరాక్సిన్‌కు నాలుగు గంటల ఎడం తప్పనిసరి. జుట్టు, గోళ్ల కోసం అమ్మే సెలీనియం మిశ్రమాల్లో బయోటిన్ అనే విటమిన్ భారీగా ఉంటుంది. అది థైరాయిడ్ రక్తపరీక్షను తప్పుదోవ పట్టిస్తుంది, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) తక్కువగా, టీ4 ఎక్కువగా చూపించి డాక్టర్ చేత మందు తగ్గించేస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. ల్యాబ్‌లో రక్తం తీసేవాళ్లు దీన్ని అడగడం అరుదు, మీరే చెప్పాలి.

సీసా ఇప్పటికే ఇంట్లో ఉంటే

పారేయనక్కర్లేదు. సెలినోమిథియోనిన్ శరీరంలో చాలాకాలం నిలుస్తుంది కాబట్టి రోజూ వేసుకోవాల్సిన అవసరమే లేదు. 200 క్యాప్సూల్ వారానికి రెండు, ఉదాహరణకు బుధవారం, ఆదివారం, వేసుకుంటే సగటున రోజుకు 57 మైక్రోగ్రాములు. 100 మాత్ర వారానికి మూడు అయితే 43. గుడ్డు, చేప ముట్టని శాకాహారికి ఈ మోతాదు చాలు, సీసా కూడా మూడు రెట్లకు పైగా కాలం వస్తుంది. క్యాప్సూల్ తెరిచి పొడిని సగం చేయాలని చూడకండి. ఆ పొడిలో సగం ఎక్కడుందో కంటికి తెలియదు. 100 మాత్రను కత్తిరించడం అంతకంటే మేలు. మాంసాహారులు, అమెరికాలో ఉండేవాళ్లు అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది.

చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి. మూడేళ్లలోపు పిల్లలకు అమెరికా పైపరిమితి రోజుకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్లవాళ్లకు 150. ఒక్క క్యాప్సూల్ ఆ రెండూ దాటుతుంది. గర్భిణులు సొంతంగా మొదలుపెట్టొద్దు, వాళ్లకిచ్చే మల్టీవిటమిన్‌లో ఎంతుందో చూపించి డాక్టర్‌ను అడగాలి.

ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? వెల్లుల్లి తినకపోయినా ఊపిరిలో వెల్లుల్లి వాసన రావడం మొదటి గుర్తుల్లో ఒకటి. ఒంట్లోని అదనపు సెలీనియం డైమిథైల్ సెలినైడ్ అనే వాయువుగా బయటికి రావడమే దానికి కారణం. నోట్లో ఇనుప రుచి, గోళ్లు పెళుసెక్కి తెల్లచారలు పడటం, జుట్టు రాలడం, కడుపు చెడటం, చిరాకు, వేళ్లలో తిమ్మిర్లు ఆ తర్వాత వస్తాయి. ఇందులో ఏది కనిపించినా మాత్ర ఆపి, సీసా పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. సెలినోమిథియోనిన్ రూపం కాబట్టి ఆపిన వారానికే అంతా సర్దుకోదు, నెలలు పట్టొచ్చు.

అనుమానం తీర్చుకోవాలంటే రక్తంలో సెలీనియం పరీక్ష ఉంది. ఐసీపీ-ఎంఎస్ అనే, ఖనిజాలను కచ్చితంగా కొలిచే పద్ధతిలో చేసే ల్యాబ్ అయితే మంచిది. రక్తం తీసే ట్యూబు ట్రేస్ ఎలిమెంట్స్ (సూక్ష్మ ఖనిజాలు) కోసం చేసిన ముదురు నీలం మూతది కావాలి, మామూలు ట్యూబులో ఉండే లోహపు జాడలు ఫలితాన్ని చెడగొడతాయి. ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగం) లీటరుకు 80 మైక్రోగ్రాములు, అంతకంటే ఎక్కువ ఉంటే ఆరోగ్యవంతుడికి లోటు లేనట్టే. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ అంకె తాత్కాలికంగా పడిపోతుంది, అప్పుడు చేయించి లోటుందని మందు మొదలుపెట్టకూడదు. అలాగే క్యాప్సూల్ వేసుకుంటున్నప్పుడు అంకె పెరిగిందంటే ఎంజైములకు అంత మేలు జరిగిందని కాదు. అల్బుమిన్‌లో పేరుకున్నదే చాలావరకు అలా కనిపిస్తుంది.

నిజంగా సెలీనియం అవసరమయ్యేవాళ్లు ఉన్నారు: ఎక్కువకాలం సెలైన్ ద్వారానే పోషణ పొందే రోగులు, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లు, పేగు కోసేసినవాళ్లు, బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నవాళ్లు, హెచ్ఐవీ ఉన్నవాళ్లలో కొందరు. వాళ్లకు ఈ ఖనిజం చాలా విలువైనది, లోటు వస్తే గుండె దెబ్బతింటుంది. వాళ్ల మోతాదు, రూపం, పరీక్షలు ఆసుపత్రే చూసుకుంటుంది. సూట్‌కేసులో వచ్చిన సీసాను వాళ్లు సొంతంగా వాడకూడదు, ఇచ్చే మందుకు అదనంగా అసలే వాడకూడదు.

కొనేటప్పుడు చూడాల్సినవి ఇక కొద్దిగా. మన దేశంలో చట్టబద్ధంగా అమ్మే దిగుమతి సీసా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన ఆహార భద్రతా సంస్థ) గుర్తుతో 14 అంకెల లైసెన్స్ నంబరు ఉన్న స్టిక్కర్ తప్పక ఉండాలి. అది లేని సీసాను ఆన్‌లైన్ అమ్మకందారు "ఒరిజినల్ యూఎస్ఏ" అని పంపితే తిప్పి పంపండి, ఎక్కడ, ఎంత వేడిలో నిల్వ ఉందో చెప్పేవాళ్లుండరు. మూత కింద సీలు, గడువు తేదీ, బ్యాచ్ నంబరు మూడూ చూడండి. ధర పోల్చేటప్పుడు సీసా ధర కాకుండా 100 మైక్రోగ్రాములకు ఎంత పడుతోందో లెక్క వేయండి. ఆ లెక్కలో 200 క్యాప్సూల్ ఎప్పుడూ చవగ్గా కనిపిస్తుంది. మీకు కావాల్సింది రోజుకు యాభై లోపే కాబట్టి ఆ చవక మీకు పనికిరాదు. తేమకు క్యాప్సూల్ తొడుగు మెత్తబడుతుంది, వంటింటి అల్మారా కంటే పడకగది బీరువా నయం. చుండ్రుకు వాడే సెలీనియం సల్ఫైడ్ షాంపూ ఇంట్లో ఉంటే దాన్ని వేరే చోట పెట్టండి, పేరు ఒకేలా ఉన్నా అది తలకు మాత్రమే, కడుపులోకి వెళ్లేది కాదు.

మా మార్కులు: నౌ ఫుడ్స్ 200 క్యాప్సూల్‌కు తయారీ, రూపం, లేబుల్ స్పష్టత లెక్కన ఐదుకు నాలుగు. రోజువారీ వాడకానికి ఐదుకు ఒకటి. 100 మాత్రకు, వారానికి మూడు చొప్పున వాడే శాకాహారికి, మూడున్నర.